మా గదిలో నిప్పు ఎక్కడుంది?

ధర్మపురిలో గుడికి పోయే దారిలో ముగ్గురం ఒక మేడగది అద్దెకు తీసుకొని చదువుకున్నాం. నిప్పంటే గ్యాసుపొయ్యే అనుకునేవాళ్లం. వంట కాగానే రెగ్యులేటరు బందు చేసి నిశ్చింతగా పండేవాళ్లం.

ఒక చలికాలం పొద్దున బకెట్లో హీటరు రాడ్డు పెడితే ప్లగ్గు కమురు వాసన కొట్టింది. అప్పుడు లెక్క వేశాను. 230 వోల్టుల మీద 1500 వాట్ల రాడ్డు 6.5 ఆంపియర్లు లాగుతుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె కూడా కలిస్తే దాదాపు 11. మా గోడకున్నదేమో 6 ఆంపియర్ల సాకెట్టు! కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుందని క్లాసులో చదివిందే, గదిలో గుర్తుకు రాలేదు. మరి ఫ్యూజు ఎందుకు పోలేదంటారా? మాటిమాటికి పోతోందని లావు తీగ చుట్టింది నేనే.

ఇక దిగే దారి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదు రూబీ హోటల్‌లో కిందున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకొని, పొగ పై గదులకెక్కింది. 8 మంది చనిపోయారు. మంటకన్నా పొగే ముందు చేరుతుంది. మెట్లే దానికి గొట్టం. మాకూ ఒక్కటే మెట్లదారి. దాని కిందనే బండ్లు, పాత పరుపులు. కిటికీలకు ఇనుప చువ్వలు.

మొన్న పోతే ఆ గదిలో మన జూనియర్లే ఉన్నారు. పరుపులు తీయించమంటే ఇంటామె "ఏండ్ల సంది ఉన్నయ్ బిడ్డా, ఏమైంది?" అన్నది. మేమే మోసి పెరట్లో వేసినం. ఫ్యూజుకు సరైన తీగ వేసి వచ్చాను. చువ్వలు మాత్రం అట్లనే ఉన్నాయి.