చూపు లేని పిల్లల బడికి వెళ్ళే ముందు



కొన్నేళ్ళ క్రితం క్రిస్మస్‌కు ముందు మన చెన్నేకొత్తపల్లి నుండి మేము కొందరము కలిసి, చూపు లేని పేద బాలికలు ఉండి చదువుకొనే ఒక ఆశ్రమ పాఠశాలకు వెళ్ళాము. అరటిపండ్లు, బిస్కెట్లు, దుప్పట్లు పంచాము. ఫొటోలు తీసుకొని గంటన్నరలో బయలుదేరాము. గేటు దగ్గర ఒక పాప మాలో ఒకరి చేయి పట్టుకొని, "అక్కా, మళ్ళీ ఎప్పుడు వస్తారు?" అని అడిగింది. "తొందరలోనే వస్తాము" అన్నాము. ఏడాది వరకు వెళ్ళలేదు. మరల వెళ్ళినప్పుడు ఆ పాప గొంతు విని మమ్మల్ని గుర్తుపట్టి, "పోయినసారి పండ్లు ఇచ్చినోళ్ళు కదా!" అంది. నిందించలేదు. కానీ మేము పండ్లు ఇచ్చాము గాని మాట నిలుపుకోలేదని మాకే తెలిసింది. ఆ తప్పు నుండి నేర్చుకొన్నదే ఈ పాఠము.

వీరు ఏమి సాధించగలరు?

మన దేశంలో చూపు లేనివారి కొరకు మొదటి బడి 1887లో అమృత్‌సర్‌లో మిస్ ఆనీ షార్ప్ అనే మిషనరీ ప్రారంభించారు. ఈ రోజు మనకు దగ్గరలోనే హిందూపురంలో ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రంలో ఆర్.డి.టి. సంస్థ నెలకొల్పిన పాఠశాల ఉన్నాయి.

2025 నవంబరులో కొలంబోలో చూపు లేని మహిళల మొదటి టి20 ప్రపంచ కప్పును భారత జట్టు గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ దీపిక మన జిల్లాలోని అమరాపురం మండలానికి చెందిన అమ్మాయి. కాబట్టి జాలితో కాదు, గౌరవంతో వెళ్దాము.

వారికి మన నుండి ఏమి కావాలి?

పండ్లు ఎవరైనా ఇస్తారు. కొరతగా ఉండేది చదివి వినిపించే గొంతు.

బ్రెయిలీ లిపిలో ఒక్కొక్క అక్షరానికి ఆరు చుక్కల గడి ఉంటుంది. వెనుక వైపు నుండి సూదితో గుచ్చాలి కాబట్టి కుడి నుండి ఎడమకు వ్రాస్తారు. కాగితం తిప్పి, ఎడమ నుండి కుడికి వేళ్ళతో తడిమి చదువుతారు. ఈ పుస్తకాలు చాలా లావుగా ఉంటాయి. అన్ని పుస్తకాలూ సమయానికి దొరకవు. అందుచేత మనము వారానికి ఒక గంట పాఠము చదివి వినిపించవచ్చు. లేదా ఇంట్లోనే ఫోనులో రికార్డు చేసి ఇవ్వవచ్చు. బొమ్మలు, పటాలు వచ్చినచోట వాటిని మాటల్లో వివరించండి.

రెండవది, పరీక్ష వ్రాసిపెట్టుట. చూపు లేని విద్యార్థిని జవాబు చెబితే మరొకరు వ్రాస్తారు. సాధారణంగా కింది తరగతి చదివేవారినే ఇందుకు తీసుకొంటారు. అంటే తొమ్మిదవ తరగతి చదివే మీ అమ్మాయి కూడా ఈ సేవ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి విద్యార్థులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలి. వ్రాసేవారు చెప్పినది చెప్పినట్లే వ్రాయాలి, సొంతంగా దిద్దకూడదు. పరీక్షకు ముందు ఇద్దరూ కలిసి రెండు మూడుసార్లు అభ్యాసం చేయాలి. ఒప్పుకొన్నవారు ఆ ఉదయం రాకపోతే ఆ పిల్ల ఏడాది కష్టమంతా ప్రమాదంలో పడుతుంది.

మెలగవలసిన తీరు

1. గదిలోకి వెళ్ళగానే మీ పేరు చెప్పండి. వెళ్ళేటప్పుడు కూడా చెప్పి వెళ్ళండి. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకండి.

2. దారి చూపేటప్పుడు చేయి పట్టి లాగవద్దు. మీ మోచేతి పైభాగం ఆమెను పట్టుకోనిచ్చి, ఒక అడుగు ముందు నడవండి. మెట్లు వస్తే ఎక్కాలో దిగాలో ముందే చెప్పండి.

3. వడ్డించినప్పుడు, "సంగటి మధ్యలో, పప్పు కుడి పక్కన, నీళ్ళ గ్లాసు ఎడమ పక్కన" అని చెప్పండి.

4. మంచాలు, పెట్టెలు, చెప్పులు వాటి చోటు నుండి కదపవద్దు. తలుపు సగం తెరిచి వదలవద్దు.

5. "గుడ్డిపిల్ల", "పాపం" అనే మాటలు వద్దు. పేరు పెట్టి పిలవండి.

6. వీరు ఆడపిల్లలు. చెప్పకుండా తాకవద్దు. ఏ పాపతోనూ ఒంటరిగా గదిలో ఉండవద్దు. వార్డెన్ అనుమతి లేకుండా ఫొటోలు తీయవద్దు.

7. చేయగలిగినదే చెప్పండి. నెలకు ఒకసారి రాగలిగితే నెలకు ఒకసారే అని చెప్పి, తప్పక రండి.

కంటి ఆరోగ్యము

ఇలాంటి బడిలో ఉన్నవారందరికీ చూపు పూర్తిగా లేకపోవడం ఉండదు. కొందరు తగిన కళ్ళద్దాలు, భూతద్దం ఉంటే మామూలు అక్షరాలు చదవగలరు. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకొనుట, తల ఒక పక్కకు వంచి చూచుట గమనిస్తే వార్డెన్‌కు చెప్పండి. కంటి డాక్టరు పరీక్ష అవసరం. కంటిలో నొప్పి, ఎరుపు ఉంటే "ఎలాగూ చూపు లేదు కదా" అని వదిలేయకూడదు.

ఇంట్లో పసిబిడ్డ కంటిపాపలో తెలుపు కనబడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. 9వ నెల నుండి 5 సంవత్సరాల వరకు విటమిన్ ఎ మందు 9 మోతాదులు ఇప్పించండి. మునగాకు, బొప్పాయి తినిపించండి. మేనరికపు పెళ్ళిళ్ళలో పుట్టుకతో వచ్చే కొన్ని కంటిజబ్బులకు అవకాశం ఎక్కువ అని కూడా గుర్తుంచుకోండి.

ఇంట్లో ఉండిపోయిన అమ్మాయి

మీ వీధిలో చూపు లేదని బడి మానిపించిన ఆడపిల్ల ఉన్నదా? 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుండి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు అని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక బడిలోనైనా చేర్చవచ్చు. ఆ తల్లిదండ్రులతో కూర్చొని మాట్లాడండి. సర్టిఫికెట్ కొరకు ఆసుపత్రికి తోడు వెళ్ళండి. అది కూడా సేవే.

కుటుంబముగా ఆలోచించండి

- మన ఇంట్లో నెలకు ఒక గంట ఎవరు ఇవ్వగలరు?
- ఏ పాఠము చదివి రికార్డు చేయగలము?
- మనము ఎవరికైనా "మళ్ళీ వస్తాము" అని చెప్పి వెళ్ళలేదా? ఈ నెలలోనే వెళ్దాము.