కలిప్రమాణము: ఒక సంఖ్యావిశేషము

సంకల్పమున ఉన్నచోటును నదులతో గుర్తించి చెప్పుదురు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలలో ఆ మాట ఒకటి. కృష్ణకు ఉత్తరముననున్న వనపర్తి, నాగర్‌కర్నూలులందు వేరొకటి. కలియుగమున మొదటి పాదమను కాలనిర్దేశము మాత్రము ఎచటను మారదు.

ఆ పాదమెంత? కలిప్రమాణము 4,32,000 సంవత్సరములు. అందు నాలుగవవంతు 1,08,000. దివ్యదేశముల సంఖ్యయైన 108కి వేయిరెట్లు. ఒకటి మొదలు పది వరకుగల అంకెలలో ఏడు తప్ప తక్కినవన్నియు 4,32,000ను నిశ్శేషముగ భాగించును. మొత్తము భాజకములు 128. కారణము సులభమే. రెండును ఏడుమార్లు, మూడును మూడుమార్లు, ఐదును మూడుమార్లు హెచ్చవేసిన ఈ సంఖ్య వచ్చును. రెండు ఏడుమార్లు చేరియు ఏడునకు చోటు లేకుండుట వింతయే!

కలికి పదిరెట్లు, 43,20,000, మహాయుగము. 2025 ఉగాదికి కలియందు గడచినవి 5,126 ఏండ్లు. మొదటి పాదమున ఇరువదవవంతు 5,400. అదియు అప్పటికి నిండలేదు.