ట్రాక్టరు డైనమో: తీగముక్కతో ఒక పరీక్ష

పాత ట్రాక్టరు తెల్లవారి స్టార్టు కాలేదంటే పల్లెలలో ముందుగా నింద పడేది బ్యాటరీ మీద. మేమెరిగిన ఒక రైతు దుక్కుల అదనులో అప్పు చేసి కొత్త బ్యాటరీ కొన్నాడు. పది రోజులకే అదీ చతికిలబడినది. దానికి విద్యుత్తు అందించవలసిన డైనమోను ఎవ్వరూ పరీక్షించలేదు.

1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే డైనమోకు ఆధారము. అయితే ఇందులో శాశ్వత అయస్కాంతము లేదు. ఇనుప ధ్రువములలో మిగిలియున్న కొద్దిపాటి అయస్కాంతత్వము వలన ముందు ఒకటి రెండు వోల్టులు పుట్టును. ఆ విద్యుత్తే ఫీల్డు చుట్టలలో ప్రవహించి అయస్కాంతమును బలపరచును, వోల్టేజి పెరుగును. తరగతిలో ఈ మాటను మార్కుల కొరకు వల్లించినవారమే కాని, దీనితో పని పడునని మేము అనుకోలేదు.

మొదట బెల్టును చూడవలెను. బొటనవ్రేలితో నొక్కినప్పుడు అర అంగుళము నుండి ముప్పావు అంగుళము వరకు లోనికి పోవచ్చును. అంతకు మించితే బిగించవలెను.

తరువాత అసలు పరీక్ష. ఇది రెండు టెర్మినళ్ళు గల లూకాస్ రకపు 12 వోల్టుల డైనమోకు వర్తించును. పెద్దది ‘డి’, చిన్నది ‘ఎఫ్’. రెండింటి తీగలను గుర్తు పెట్టి ఊడదీసి, ఒక తీగముక్కతో ఆ టెర్మినళ్ళను కలపవలెను. వోల్టుమీటరు ఒక కొనను ఆ ముక్కకు, రెండవదానిని డైనమో ఒంటికి తగిలించి, ఇంజను వేగమును మెల్లగా పెంచవలెను. ముల్లు తడబడక 14 వోల్టులు దాటితే డైనమో మంచిదే. దోషమును తీగలలోనో, రెగ్యులేటరు పెట్టెలోనో వెదకవలెను. ముల్లు 20 దాటనీయరాదు, ఎందుకనగా ఇప్పుడు దానికి అడ్డుకట్ట లేదు. ఒకటి రెండు వోల్టుల వద్దనే నిలిచిపోతే ఫీల్డు చుట్టలను, నాలుగైదు వద్ద నిలిస్తే ఆర్మేచరును అనుమానించవలెను. అసలు కదలకపోతే ముందు కార్బన్ బ్రష్షులను చూడవలెను. అవి అరిగినవో, పట్టులో ఇరుక్కున్నవో కావచ్చును. కమ్యుటేటరు నల్లబడితే సన్నని గాజుకాగితముతో తుడవవలెను. ఎమెరీ కాగితము వాడరాదు. దాని రజను రాగిపలకల నడుమ చిక్కుకొనును.

ఆ రైతు ట్రాక్టరులో బ్రష్షులు బాగానే ఉన్నవి, ముల్లు మాత్రము సున్న వద్దనే ఉన్నది. కొన్ని నెలల క్రిందట డైనమోను విప్పి బిగించారని అప్పుడు తెలిసినది. మిగులు అయస్కాంతత్వము పోయినదని ఊహించి, ఇంజను ఆపి, తీగ లేని ‘ఎఫ్’ టెర్మినలుకు బ్యాటరీ నుండి, ఛాసిస్‌కు కలపని ధ్రువమునకు చెందిన తీగను క్షణకాలము తాకించాము. చిన్న నిప్పురవ్వ లేచినది. ఇంజను మరల నడిపి, తీగముక్క పరీక్షను మరల చేయగా ముల్లు నిలకడగా పైకి లేచినది.

పాత బ్యాటరీని ఛార్జింగుకు ఇవ్వగా అదియు పనిచేసినది. కొత్తదాని అప్పు మాత్రము పంట వచ్చేవరకు తీరలేదు.