అడవి కుందేలు కూర: పొయ్యి వెలిగించక ముందు

 

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరులో ఒకసారి దర్స్ ముగిశాక ఒక సోదరి పరదా చాటు నుంచి అడిగారు: "మౌలానా సాబ్! పక్క చేను రైతు అడవి కుందేలును పంపించాడు. నీచు వాసన పోవాలంటే ఏం చేయాలి?"

మేము తిరిగి ఒక ప్రశ్న వేశాం: "అమ్మా! అది ఎలా చచ్చింది?"

అడవి పందుల కోసం మక్క చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ తగిలి చచ్చిందట. అప్పటికే ముక్కలు కోసి పసుపు, ఉప్పు పట్టించారు. పిల్లలు కూర కోసం ఎదురు చూస్తున్నారు. అయినా ఆ గిన్నె ఖాళీ చేయమని చెప్పక తప్పలేదు. ఎందుకో తెలుసుకుందాం.

1. అది ఏ జంతువు?

కోరలతో వేటాడే జంతువులను దైవప్రవక్త (సల్లం) నిషేధించారు. కాబట్టి నక్క, అడవి పిల్లి, పునుగు పిల్లి మనకు నిషిద్ధం. పంది ఏ విధంగానూ ధర్మసమ్మతం కాదు. ఉడుమును హనఫీ ఫుఖహాలు అనుమతించలేదు. కుందేలు మాత్రం హలాల్. మర్రుజ్జహ్రాన్ దగ్గర హజ్రత్ అనస్ (రజి) ఒక కుందేలును పట్టి తెస్తే, హజ్రత్ అబూ తల్హా (రజి) దాన్ని జిబహ్ చేసి తొడ మాంసం పంపారు. దైవప్రవక్త (సల్లం) స్వీకరించారని బుఖారీ హదీసు తెలుపుతోంది.

2. ఎలా చచ్చింది?

గొంతు బిగిసి, దెబ్బ తగిలి, పై నుంచి పడి చచ్చిన జంతువులు నిషిద్ధమని సూరె మాయిదా 3వ ఆయతు చెబుతోంది. ఉచ్చులో, కరెంటు తీగకు చచ్చినవి కూడా మృత జంతువులే. ప్రాణముండగానే అందుకుని, బిస్మిల్లాహ్ అని జిబహ్ చేస్తేనే హలాల్. చచ్చాక గొంతు కోసినా, ఎన్నిసార్లు కడిగినా హలాల్ కాదు.

3. చట్టం ఏమంటోంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కుందేలును వేటాడడం నేరం. దాని మాంసం దగ్గర ఉంచుకున్నా కేసు అవుతుంది. దీన్ మనల్ని పాపానికి పురికొల్పని చట్టాన్ని పాటించమంటుంది, మనల్ని మనం అవమానానికి గురి చేసుకోవద్దంటుంది. పైగా ఆ కరెంటు తీగ మనుషుల ప్రాణాలనూ తీస్తుంది. పొరుగు రైతుకు ఈ మాట నచ్చజెప్పడం కూడా మన బాధ్యతే.

4. మరి తినాలనిపిస్తే?

ఫారాల్లో పెంచే కుందేలును తెచ్చుకోండి. బిస్మిల్లాహ్ అని జిబహ్ చేసి రక్తం పూర్తిగా కారనివ్వండి. పారే రక్తం హరామ్. జననాంగాలు, వృషణాలు, మూత్రాశయం, పిత్తాశయం, గ్రంథులను కూడా హనఫీ ఫుఖహాలు తినవద్దన్నారు, వాటిని తీసేయండి. ఈ మాంసంలో కొవ్వు తక్కువ, పెద్ద మంట మీద గట్టిపడుతుంది. పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించి గంటసేపు ఉంచి, మూత పెట్టి సన్నని సెగ మీద మెత్తగా ఉడికించండి. జొన్నరొట్టెతో బాగుంటుంది.

ఆ రోజు ఆ ఇంట్లో పిల్లలు పప్పుతో తిన్నారట. మాకైతే ఆ పప్పే బరకత్ గలదనిపించింది. అల్లాహ్ మన ఇళ్ళలో హలాల్ ఆహారాన్నే ప్రసాదించుగాక! ఆమీన్.