పొగ పోయే దారి – కట్టెల పొయ్యి పాఠం

ఈ నెల గోడపత్రికలో సైన్సు మూల నాకు ఇచ్చారు. నేను తొమ్మిదో తరగతి. మాది దివిసీమలో నాగాయలంక వైపు యానాదుల పేట. ఇక్కడ చదివే మనలో చాలామంది ఇళ్ళలో ఇంకా కట్టెల పొయ్యే. గ్యాసు బండ ఉన్న ఇంట్లో కూడా అది అయిపోతే మళ్ళీ కట్టెలే గదా! అందుకని పొయ్యి గురించే రాస్తున్నాను. అమ్మ దగ్గర నేర్చుకున్నదీ, సైన్సు పుస్తకంలో చదివినదీ, మేడమ్ గారిని అడిగి తెలుసుకున్నదీ ఇందులో కలిపాను.

1. పొగ అంటే ఏమిటి?

కట్టె పూర్తిగా కాలితే వేడి, బూడిద, కంటికి కనపడని వాయువులు వస్తాయి. గాలి చాలకపోయినా, కట్టె తడిగా ఉన్నా సగమే కాలుతుంది. ఆ కాలని సగమే పొగ. అంటే పొగ ఎక్కువ వస్తుందంటే మన కట్టెలు దండగ అవుతున్నాయని అర్థం. పొగలో సన్నని మసి రేణువులు ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు కూడా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. అప్పుడు తలనొప్పి, తల తిరగడం, వాంతి వస్తాయి. ఎక్కువైతే మనిషి నిద్రలోనే చనిపోతాడు.

మా వాళ్ళు వరి చేలల్లో ఎలుకలు పట్టేటప్పుడు పొగకుండ వాడతారు. చిన్న కుండకు అడుగున బెజ్జం పెడతారు. లోపల వరిగడ్డి కుక్కి నిప్పు పెట్టి, కుండ మూతిని కన్నానికి ఆనిస్తారు. మిగతా కన్నాలన్నీ మట్టితో మూసేస్తారు. అడుగు బెజ్జంలోంచి ఊదుతుంటే పొగంతా కన్నంలోకి పోతుంది. లోపల ఎలుక ఊపిరాడక సొమ్మసిల్లుతుంది, లేదా చచ్చిపోతుంది. ఈ పని మా నాయనకి బాగా వచ్చు.

ఇప్పుడు మన ఇల్లు తలుచుకోండి. కిటికీ లేదు. వానకి తలుపు మూశాము. మధ్యలో పొయ్యి మండుతోంది. చంకలో పాపని పెట్టుకుని అమ్మ ఊదుతోంది. ఆ కన్నానికీ ఈ ఇంటికీ తేడా ఏమిటి? ఎలుకకి ఒక్క పూటే పొగ. అమ్మకి రోజూ రెండు పూటలా పొగే. మా అమ్మకి దగ్గు తెల్లవారుజామున మొదలవుతుంది. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. "పొయ్యి కాడ కూర్చునే ఆడదానికి ఇది మామూలే" అంటది. మామూలు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020 సంవత్సరంలో ఇళ్ళలోని వంట పొగ వల్ల ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారు. అందులో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్ళ లోపు పిల్లలు.

2. పొగలేని పొయ్యి మనకి కొత్త కాదు

హైదరాబాదులోని ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారనే ఇంజనీరు 1950లలోనే పొగ లేని మట్టి పొయ్యి తయారుచేశారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం దేశమంతా మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది. ఆ పథకం 2002 దాకా నడిచింది. చాలా ఊళ్ళలో ఆ పొయ్యిలు కొన్నాళ్ళకే మూలపడ్డాయి. గొట్టంలో మసి పేరుకుపోయింది, తీసేవాళ్ళు లేరు. పెద్ద కట్టెలు పట్టడం లేదని కొందరు పొయ్యి నోరు పగలగొట్టారు. కాబట్టి పొయ్యి కట్టడం ఎంత ముఖ్యమో, కట్టాక చూసుకోవడం కూడా అంతే ముఖ్యం.

గ్యాసు కోసం మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం, 2024లో మళ్ళీ మన రాష్ట్రంలో దీపం-2 వచ్చాయి. పేరు లేనివాళ్ళు రేషను కార్డు, ఆధారు తీసుకుని సచివాలయంలో అడగాలి. గ్యాసు వచ్చేదాకా కట్టెల పొయ్యినే మంచిగా పెట్టుకోవాలి.

3. పొయ్యి ఎక్కడ పెట్టాలి?

తాటాకు ఇంట్లో పొయ్యి పెట్టకపోతేనే మంచిది. ఇంటికి పది అడుగులైనా దూరంగా చిన్న వంటపాక వేసుకోవాలి. మన వైపు వేసవిలో పడమటి గాలి కొడుతుంది. సాయంత్రం సముద్రం మీద నుంచి పైరగాలి వస్తుంది. రెండు గాలులూ చూసుకుని, నిప్పురవ్వలు ఇంటి చూరు వైపు పోని చోట పాక వేయాలి.

పొయ్యి నోరు గాలికి ఎదురుగా పెట్టకూడదు. గాలి తోసే వైపు నడుము ఎత్తు మట్టిగోడ కట్టాలి. తడిక పక్కన పొయ్యి పెడితే తడికకి రెండు వైపులా మందంగా మట్టి మెత్తాలి. పొయ్యికి మూడు అడుగుల లోపు పుల్లలు, గోనెసంచులు, బట్టలు, కిరసనాయిలు ఉండకూడదు. కట్టెలు ఆరుతాయని పొయ్యి పైన అటక మీద పెట్టే అలవాటు ఉంది. అది మానాలి. పొయ్యి మీదుగా చూరుకింద ఒక రేకు కట్టాలి. రేకుకీ ఆకుకీ మధ్య జానెడు ఖాళీ వదలాలి.

4. పొయ్యి కట్టడం

మన దివిసీమ మట్టిలో ఉప్పు ఉంటుంది, ఎండితే పెళుసుగా రాలిపోతుంది. నల్లమట్టి ఒక్కటే వాడితే పగుళ్ళు వస్తాయి. అందుకే అమ్మ పుట్టమన్ను తెస్తది. అందులో ఇసుక, ఊక, పేడ కలిపి నీళ్ళు పోసి తొక్కి ఒక రాత్రి నాననిస్తది.

రెండు కళ్ళ పొయ్యి కట్టాలి. కట్టెలు పెట్టే నోరు ఒకటి. మొదటి కంటి కింద నిప్పు. అక్కడి నుంచి మట్టి సొరంగం రెండో కంటికి పోతుంది. రెండో కంటి నుంచి పొగగొట్టానికి పోతుంది. నిప్పు మీద అన్నం, వెనక కంటి మీద వేడినీళ్ళు లేదా కూర. వృథాగా పోయే వేడి అలా పనికొస్తుంది. కట్టె కింద గాలి ఆడటానికి నాలుగు ఇనప చువ్వలు వేస్తే మంట శుభ్రంగా వస్తుంది.

పొగ గొట్టంలోకి ఎందుకు పోతుంది? వేడిగాలి తేలిక, అందుకని పైకి లేస్తుంది. అది లేచిన చోటికి పొయ్యి నోట్లోంచి కొత్త గాలి వస్తుంది. గొట్టం ఎంత నిటారుగా, ఎంత ఎత్తుగా ఉంటే అంత బాగా లాగుతుంది. ఎక్కువ వంపులు ఉంటే లాగదు. గొట్టం లోపలి వెడల్పు మూడు నాలుగు అంగుళాలు ఉండాలి. కప్పు మీద రెండు అడుగులైనా పైకి ఉండాలి. వాన పడకుండా పైన టోపీ పెట్టాలి.

జాగ్రత్త: వేడి గొట్టం తాటాకుని తగలకూడదు. గొట్టం వచ్చే చోట ఆకు తీసేసి రేకు వేసి, చుట్టూ మూరెడు మేర ఆకు లేకుండా చూడాలి. పాత ఆస్‌బెస్టాస్ గొట్టం దొరికితే దాన్ని కోయకూడదు, పగలగొట్టకూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకు విషం.

కొత్త పొయ్యిని వెంటనే పెద్ద మంట వేసి వాడకూడదు. వారం రోజులు నీడలో ఆరనిచ్చి, తర్వాత రెండు మూడు రోజులు చితుకులతో సన్నని మంట వేయాలి. వరద నీళ్ళు వచ్చి తడిసిన పొయ్యికి కూడా ఇదే పద్ధతి.

5. ఏం మండించాలి, ఏం మండించకూడదు?

మంచివి: ఎండిన సరుగుడు, సర్కారు తుమ్మ, కొబ్బరి మట్టలు, కంది కట్టె. కట్టె ఎండిందో లేదో తెలియాలంటే రెండు కట్టెలు తట్టి చూడాలి. ఎండినవి టంగుమంటాయి, పచ్చివి బొద్దుగా చప్పుడవుతాయి. పచ్చికట్టెలో ఉన్న నీళ్ళు ఆవిరి కావడానికే కొంత వేడి వృథాగా పోతుంది, అన్నం త్వరగా ఉడకదు. లావు కట్టెల్ని చీల్చి, వానాకాలానికి ముందే నేలకి తగలకుండా రాళ్ళ మీద పేర్చి, పైన కప్పాలి.

చెడ్డవి: ప్లాస్టిక్ సంచులు, పురుగుమందు డబ్బాలు, రంగు వేసిన చెక్క, తారు పూసిన పాత పడవ పలకలు. గన్నేరు పుల్లలు విషం. మడ అడవిలో తిల్ల చెట్టు ఉంటుంది. దాని పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. దాని పొగ కూడా కళ్ళకి మంట.

మడ చెట్లు కూడా కొట్టకూడదు. మన కృష్ణా అభయారణ్యం 1989 నుంచి ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో, చుట్టుపక్కల పది వేల మందికి పైగా చనిపోయారు. మడ చెట్ల గుబురు అల వేగాన్ని తగ్గిస్తుంది. ఒక పూట కూడు కోసం ఆ గోడని నరుక్కోకూడదు.

గుడివాడ వైపు చెల్లెళ్ళకి ఊకపొయ్యి తెలుసు. రైసుమిల్లు ఊకని రేకు డబ్బాలో నింపుతారు. మధ్యలో ఒక గుండ్రని కర్ర నిలబెట్టి, కింద పక్క బెజ్జంలో ఇంకో కర్ర పెట్టి, చుట్టూ ఊక గట్టిగా కూరుతారు. కర్రలు మెల్లగా తీస్తే గాలి దారి ఏర్పడుతుంది. కింద నుంచి నిప్పు పెడితే చాలాసేపు మండుతుంది. అంటుకునేటప్పుడు పొగ ఎక్కువ, కాబట్టి బయటే అంటించాలి. మండుతుండగా డబ్బాని కదపకూడదు, ఊక కూలిపోతుంది.

6. బూడిద సంగతి

ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మూడేళ్ళ కిందట ఎండాకాలంలో మా పేటలో మూడు ఇళ్ళు కాలిపోయాయి. పొద్దున పారబోసిన బూడిద మధ్యాహ్నం గాలికి రాజుకుంది. పైకి చల్లగా ఉన్న బూడిద లోపల నిప్పు ఒక రోజు దాటినా ఉండవచ్చు. ఆ ఇళ్ళలో బియ్యం, వలలు, బట్టలు పోయాయి. అన్నిటికంటే కష్టం కాగితాలు పోవడం. మా చిన్నమ్మ కూతురి కుల ధ్రువపత్రం కూడా కాలిపోయింది. మళ్ళీ కాగితం రావడానికి తిరిగి తిరిగి దాని చదువు ఒక సంవత్సరం వెనక పడింది.

కాబట్టి బూడిదని మూత ఉన్న కుండలోకి ఎత్తి, నీళ్ళు చల్లి, మర్నాడు పారబోయాలి. ముఖ్యమైన కాగితాలు రేకుపెట్టెలో పెట్టి తలుపు దగ్గర ఉంచాలి. అప్పుడు చేత్తో పట్టుకుని బయటికి రావచ్చు.

7. పొయ్యి సంరక్షణ

రోజూ: వంట అయ్యాక కొరకంచులు లాగి ఆర్పాలి. నోటి దగ్గర బూడిద తీయాలి. ఖాళీ కన్ను మీద మూత పెట్టాలి, లేకపోతే పొగంతా అక్కడే వస్తుంది.
వారానికి ఒకసారి: పేడ, మట్టితో అలకాలి. పగుళ్ళు ఉంటే పూడ్చాలి. సొరంగంలో మసి గీకాలి. చూరుకింద బూజు దులపాలి. మసి పట్టిన బూజు ఇట్టే అంటుకుంటుంది.
నెలకి ఒకసారి: పొయ్యి చల్లారాక, పొడుగు కర్రకి గోనెగుడ్డ కట్టి గొట్టం లోపల తుడవాలి. ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి.
తుపాను అంటే: నిప్పు పూర్తిగా ఆర్పాలి. గొట్టం టోపీ ఊడకుండా తీగతో కట్టాలి. చలికని కుంపటి లోపల పెట్టి తలుపు మూసి ఎప్పుడూ పడుకోకూడదు. బొగ్గుకి పొగ కనపడదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది.

8. ప్రమాదం వస్తే

పాక దగ్గర ఒక బిందె నీళ్ళు, ఒక తట్ట ఇసుక ఎప్పుడూ ఉండాలి. సిల్కు, నైలాన్ వోణీ పొయ్యి దగ్గర వద్దు. కొంగు, జడ వెనక్కి ముడి వేయాలి. కిరసనాయిలు మండే నిప్పు మీద పోయకూడదు. బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు, నేల మీద పడి దొర్లాలి. మందపాటి నూలు దుప్పటి కప్పాలి.

ఒళ్ళు కాలితే ఇరవై నిమిషాలు మామూలు చల్లని నీళ్ళు పోస్తూ ఉండాలి. సిరా, పళ్ళపొడి, పేడ, నూనె రాయకూడదు. బొబ్బలు చిదపకూడదు. పెద్దగా కాలితే 108కి ఫోన్ చేయాలి. ఇల్లు అంటుకుంటే ముందు పిల్లల్ని, ముసలివాళ్ళని బయటికి తీసి 101కి ఫోన్ చేయాలి.

9. మనం చేయవలసింది

మా అమ్మకి బడి లేదు. కానీ ఏ మట్టి పగులుతుందో, ఏ కట్టె చిటపటలాడుతుందో చేతితో పట్టుకుని చెప్తది. గాలి ఎందుకు పైకి పోతుందో మాత్రం నేను చెప్పాను. "ఓసి, మీ నాయన కుండలో ఊదేది ఇదేగా! దాన్ని బయటికి తిప్పాల, అంతే" అంది. దసరా సెలవుల్లో అమ్మా నేనూ కలిసి కొత్త పొయ్యి కట్టాము. గొట్టం కోసం నాయన పాత రేకు డబ్బాలు కలిపి చుట్టాడు. అమ్మ దగ్గు ఇంకా తగ్గలేదు. ఇన్నేళ్ళ పొగ ఒక్క నెలలో పోదు గదా. కానీ ఇప్పుడు తమ్ముడు పొయ్యి పక్కన కూర్చుని ఎక్కాలు చదువుతుంటే వాడి కళ్ళు నీళ్ళు కారడం లేదు.

సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ మీ ఇంటి పొయ్యి చూడండి. పెద్దవాళ్ళకి తప్పు పట్టినట్టు చెప్పకండి. చీపురు పట్టుకుని ముందు బూజు దులపండి, తర్వాత చెప్పండి.

ప్రశ్నలు

1. పచ్చికట్టె ఎందుకు ఎక్కువ పొగ ఇస్తుంది?
2. పొగగొట్టం ఎత్తు పెరిగితే ఏమవుతుంది? కారణం రాయండి.
3. కుంపటి ఉన్న గదిలో తలుపు ఎందుకు మూయకూడదు?
4. బూడిదని వెంటనే పారబోస్తే వచ్చే ప్రమాదం ఏమిటి?
5. మీ ఇంటి పొయ్యి బొమ్మ గీసి, పొగ పోయే దారిని బాణం గుర్తుతో చూపండి.

జవాబులు రాసి గోడపత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి. ఐదో ప్రశ్నలో బాణం ఎవరికి ఇంట్లోనే ఆగిపోయిందో వాళ్ళు నన్ను కలవండి. సెలవులకి ముందు ఆదివారం బడి వెనక మట్టితో ఒక చిన్న పొయ్యి కట్టి చూపిస్తాను. వార్డెన్ మేడమ్ గారు అనుమతి ఇచ్చారు.