చెవితో చదివే కంప్యూటర్

చూపు లేనివాళ్లు కంప్యూటర్ వాడగలరా? వాడగలరు. తెర మీది మాటలను పైకి చదివే సాధనం ఎన్‌వీడీఏ. మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో దాన్ని మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు. అది ఉచితం.

ఆఫీసు ఫైళ్లు వేరే కంప్యూటర్లో ఉంటే? విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కాలి. వెనక్కి వాలిన గీతలు రెండు, ఆ కంప్యూటర్ పేరు, మళ్లీ ఒక గీత, ఫోల్డర్ పేరు కొట్టి ఎంటర్ నొక్కాలి. ఫోల్డర్ పేరు చెవిన పడితే దారి దొరికినట్టే.

కంప్యూటర్ పాడైతే రాసిందంతా పోవచ్చు. విత్తనాలన్నీ ఒకే గాదెలో పోస్తామా? అందుకే నకలు దాచాలి. ఫైలు మీద కంట్రోల్, సి. ఆ ఫోల్డర్లో కంట్రోల్, వి. నకలును తెరిచి వినాలి. విన్నాకే నమ్మాలి.

ప్రశ్నలు
1. నకలు ఎందుకు దాచాలి?
2. దాన్ని తెరిచి ఎందుకు వినాలి?