తాతగారి క్షవరపు కత్తిని సానకు పోస్టులో పంపడం ఎలా?

తాతగారి నాటి మడత కత్తి ఇంట్లో ఉంటే వీధిలో తిరిగే సాన చక్రానికి ఇవ్వకండి. జర్మనీలోని జోలింగెన్, ఇంగ్లండులోని షెఫీల్డ్ ముద్రలున్న పాత కత్తులు చాలావరకు కార్బన్ స్టీలువి. చక్రం రాపిడికి పలచని అంచు వేడెక్కి నీలిరంగు తిరిగితే ఉక్కు మెత్తబడుతుంది, ఇక పదును నిలవదు. సానరాయి మీద చేత్తో పదును పెట్టేవారు దగ్గర్లో లేకపోతే దూరాన ఉన్నవారికి పంపవచ్చు. దారిలో రెండింటి నుంచి కాపాడాలి: కత్తి తెరుచుకోకూడదు, తేమ తగలకూడదు.

1. ముందుగా మాట్లాడండి. రెండు వైపులా ఫొటోలు తీసి సాన పట్టేవారికి చూపండి. అంచు మాత్రమే సాన పట్టాలని, పాత ముద్ర చెరిగేలా పాలిష్ చేయవద్దని స్పష్టంగా చెప్పండి. పిడి ఏనుగు దంతమేమో అనిపిస్తే పంపకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతపు వస్తువులపై కఠినమైన ఆంక్షలున్నాయి. ముందు అటవీశాఖ వారిని అడగండి.

2. తుడిచి నూనె రాయండి. పొడిగుడ్డతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకు తుడవండి. గుడ్డను అంచు పొడవునా లాగితే వేళ్లు తెగుతాయి. తర్వాత కుట్టుమిషన్ నూనె పలచగా పూయండి.

3. మూసి కట్టండి. అంచు పిడికి తగలకుండా మెల్లగా మడవండి. కత్తి మొత్తానికి కాగితం చుట్టి, దాని మీదే టేపు వేయండి. పాత పిడికి నేరుగా టేపు అంటిస్తే మెరుగు ఊడి రావచ్చు. రబ్బరు బ్యాండు బిగిస్తే పిడి లోపలికి వంగి అంచుకు తగులుతుంది.

4. గట్టి గొట్టంలో పెట్టండి. కత్తికి బబుల్ ర్యాప్ చుట్టి, రెండు వైపులా మూతలున్న పీవీసీ పైపు ముక్కలో దూర్చండి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి జతచేయండి. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచండి. గొట్టం మీద ‘లోపల పదునైన కత్తి ఉంది’ అని పెద్ద అక్షరాలతో రాయండి.

5. అట్టపెట్టెలో సర్దండి. చుట్టూ కాగితం కుక్కి, పెట్టెను ఊపి చూడండి. చప్పుడు వస్తే ఇంకా కుక్కాలి. మీ చిరునామా, ఫోన్ నంబరు, చేయాల్సిన పని రాసిన చీటీ లోపల పెట్టండి.

6. కౌంటర్‌లో బుక్ చేయండి. లోపల ఉన్నది క్షవరపు కత్తి అని దాచకుండా చెప్పండి. వారు తీసుకుంటామంటేనే స్పీడ్ పోస్టులో పంపండి. ఇన్సూరెన్స్ సదుపాయం అడిగి తీసుకోండి. రసీదు జాగ్రత్తగా ఉంచుకుని, ట్రాకింగ్ నంబరు అవతలివారికి పంపండి.

7. తిరిగి వచ్చాక నిదానంగా విప్పండి. అదే గొట్టంలో తిప్పి పంపమని ముందే అడగండి. పిల్లలు లేనిచోట, బల్ల మీద పెట్టి విప్పండి. పదును బొటనవేలితో పరీక్షించకండి. ఫొటోలతో పోల్చి చూసుకుని, మళ్లీ నూనె రాసి దాచండి.

ప్యాకింగుకు అరగంట పట్టినా తొందరపడకండి. పార్సిల్ విప్పేవారి వేళ్లు క్షేమంగా ఉండేలా చూడటం పంపే మన బాధ్యతే.